ఖర్జూరాల బండికి అద్దాల చక్రాలు

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక తోటలో నీళ్ళ మోటారు ఆగేది. ఆ కాసేపు నిశ్శబ్దంలో కాలేషా తన పికప్పు చక్రాలు తుడుచుకునేవాడు.

ముందు తడిగుడ్డ, తరవాత పొడిగుడ్డ, ఆ పైన ఉనైజా బజారులో కొన్న మెత్తటి దూది. ఒక్కో రిమ్ము ముందు గొంతుక్కూర్చుని, పువ్వులా విచ్చుకున్న ఆ చువ్వల సందుల్లోకి చూపుడువేలు పోనిచ్చి, అక్కడ దాక్కున్న ఇసుకను వెలికి తీసేవాడు. చుట్టూ ఆకాశం అంచుదాకా ఇసుకే. గాలి ఒక్కసారి నిట్టూరిస్తే అతని కష్టమంతా మళ్ళీ గోధుమరంగు. ఎడారి మధ్యలో కూర్చుని ఇసుక మీద అలిగిన మనిషి లోకంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. తుడవడం అయ్యాక మెడ పక్కకి వంచి ఆ వెండి వంపులో ముఖం చూసుకునేవాడు. అందులో ముక్కు దోసకాయంత, నుదురు గోరంత. ఆ వికారాన్నే చూసి ముసిముసిగా నవ్వుకుని, బాగానే ఉన్నానని లేచేవాడు.

ఇది సౌదీ అరేబియాలో, రెండు వేల ఆరు వేసవి మాట. అద్దాల్లాంటి ఆ చక్రాలు బిగించింది ఖర్జూరాలు మోసే బండికి.

కాలేషాది రాయచోటి దగ్గర పల్లె. మీసం సరిగా మొలవకముందే మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీ ఎక్కాడు, క్లీనరుగా. ఆ లారీలు మోసేది రాయి. మోయాల్సినదానికి మించి మోసేవి. అందుకని టైర్లలో గాలి బిగదీసి కొట్టేవాళ్ళు. లోడు ఎత్తేముందు క్లీనరు ఇనప చువ్వ పట్టుకుని టైర్ల చుట్టూ తిరగాలి, ఒక్కోదాన్ని కొట్టి చెవి పెట్టాలి. ఖంగుమంటే సరే. బొదబొదమంటే డ్రైవరు తిట్లు ఆ రోజంతా ఆగవు. కాలేషా జీవితంలో నేర్చిన ఒకే ఒక్క విద్య అది. సముద్రం దాటి వస్తూ బట్టలతోపాటు దాన్నీ మూట కట్టుకొచ్చాడు. రాయచోటిలో ఎవరూ అతనికి చెప్పలేదు, అన్ని బరువులూ రాళ్ళు కావని.

ఉనైజా తోటలో మాత్రం అతన్ని ఏళ్ళ తరబడి గొట్టం మనిషిగానే ఉంచారు. చెట్టు మొదట్లో గొట్టం పెట్టడం, పాదు నిండాక పక్క చెట్టుకి లాగడం. మోకాళ్ళదాకా బురద, నడినెత్తిన నిప్పు. రుఖ్సా, అంటే డ్రైవింగు లైసెన్సు, ఎలాగో సంపాదించి చొక్కా జేబులో పెట్టుకుని, బండి లేకుండానే డ్రైవరునని ఊరికి చెప్పుకున్నాడు. ఆ ఏడు, ఎప్పటినుంచో పికప్పు నడుపుతున్న సూడాన్ ముసలాయన ఎగ్జిట్ వీసా మీద తన దేశం వెళ్ళిపోయాడు. తోట యజమాని, కాలేషా వీసాకి పూచీ పడ్డ కఫీల్, అబూ సాలెహ్ ఒక పొద్దున బండి తాళంచెవి తీసి ఇతని చేతిలో పెట్టాడు.

"సీజను మొదటి లోడు నువ్వు తీసుకెళ్ళు. పండు చెట్టు మీద ఎలా ఉందో సంతలో అలా ఉండాలి. ఉంటే సీటు నీది. లేకపోతే గొట్టం నీది."

అబూ సాలెహ్ చెప్పింది అంతే. ఆయన ఎక్కువ మాట్లాడడు. కానీ అది ఉత్త మాట కాదని ఉనైజాలో అందరికీ తెలుసు. అక్కడి ఖర్జూరం సంతలో దుకాణాలుండవు, పికప్పే దుకాణం. తెల్లారేలోపు బండ్లన్నీ వెనకతలుపులు దించుకుని వరసగా నిలబడతాయి. దళారీ ఒక్కో బండి ఎక్కి, డబ్బా మూత తీసి, పండు పైకెత్తి వేలం పాట పాడతాడు. సుక్కరీ రకం పండైతే చెట్టు మీదే సగం తేనె. తొక్క అనేది పేరుకే. నిద్రపోతున్న పసిబిడ్డను ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్ళినట్టు మోయాలి దాన్ని.

సూడాన్ ముసలాయన అలాగే మోసేవాడు. లోడు ఎత్తాక టైర్లలో గాలి సగం వదిలేసేవాడు. అవి ఒంటె పాదాల్లా నేలమీద పరుచుకునేవి. బండి ఇసుక బాట మీద ఊగుతూ, ఏదో పాట గుర్తుచేసుకుంటున్నట్టు పోయేది. తారురోడ్డు ఎక్కాక దిగి, చిన్న పంపుతో మళ్ళీ గాలి కొట్టుకునేవాడు. గొట్టం పట్టుకుని చూస్తూ కాలేషా నవ్వేవాడు.

"టైర్లు జూడు మామా, కుళ్ళిన వంకాయల మాదిరి ఉండాయి. ఇదీ ఒక తోలడమేనా? నా చేతికొస్తే చూపిస్తా."

మామా అని పిలిచేది మస్తాన్ వలీని. పులివెందులవాడు, వయసులో పెద్ద. చెట్లెక్కి గెలలు కోసే పని అతనిది. నిజం చుట్టం కాదు, పరాయి దేశంలో కుదుర్చుకున్న వరస.

సీటు చేతికొచ్చిన వారానికే కాలేషా పికప్పు తీసుకుని పక్క పట్నం బురైదా వెళ్ళాడు. అక్కడ పారిశ్రామిక వాడలో వరసగా బన్షర్లుంటాయి. టైర్ల కొట్లను అక్కడ అలాగే అంటారు. ఒక బన్షర్లో ప్రొద్దుటూరు నబీ రసూల్ ఉన్నాడు. రిమ్ములు అమ్మడంలో అతనికి గొప్ప పేరు. అమ్మినవాటి గురించి తరవాత ఎవరేమన్నా వినకపోవడంలోనూ అంతే పేరు.

"రా భాయ్, కూర్చో. ఎన్నాళ్ళకు మన సీమ మాట! చాయ్ తాగు. ఏం బండి?"

"పికప్పు."

"ఏం మోస్తాది?"

"ఖర్జూరం."

ఆ రెండో జవాబు నబీ రసూల్ చెవిదాకా పోనేలేదు. అప్పటికే లేచి, గోడకు వేలాడుతున్న నాలుగు చక్రాల మీంచి పాత దుప్పటి లాగాడు. కొట్టు చీకట్లో నాలుగు చందమామలు ఒక్కసారే పొడిచాయి. కాలేషా చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మీ బండి మలుపులో దున్నపోతు మాదిరి ఒక పక్కకి వాలుతాదా లేదా?"

"వాలుతాది."

"ఇవి వేసినాక వాలదు. చూడు, టైరు పక్క గోడ ఎంత పొట్టిదో. అడుగు ఎంత వెడల్పో. రోడ్డును పిల్లి ఎలకను పట్టినట్టు పట్టుకుంటాది. బ్రేకు యాడ తొక్కితే ఆడ నిలబడతాది. రిమ్ము ఇనుము కాదు భాయ్, తేలిక. బండి గుర్రమైపోతాది."

"గాలి?"

"బిగదీసి కొట్టాల. రాయి మాదిరి ఉండాల."

రాయి. ఆ మాట ఒక్కటి చాలు. మంగంపేట తెల్లదుమ్ము బురైదాదాకా ఎగిరొచ్చి కాలేషా కళ్ళల్లో పడింది. దాచుకున్నదంతా అక్కడే ఇచ్చేశాడు. పాత చక్రాలు నాలుగూ నబీ రసూల్ బేరంలో కలిపేసుకున్నాడు. అవి అబూ సాలెహ్‌వి కదా అన్న సంగతి ఇచ్చేవాడికీ గుర్తు రాలేదు, పుచ్చుకునేవాడికీ గుర్తు రాలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. తిరుగు దారిలో, తారురోడ్డు మీద, ఆ చక్రాలు చెప్పినంత పనీ చేశాయి. బురైదానుంచి ఉనైజాకి రోడ్డు నల్లటి రిబ్బనులా పరిచి ఉంది. మలుపుల్లో బండి కొంచెం కూడా వాలలేదు. స్టీరింగు వేలితో తాకితే తిరిగింది. బ్రేకు తొక్కిన చోట నిలబడింది. కిటికీలోంచి వేడిగాలి, ఇటూ అటూ వెనక్కి పరిగెత్తే ఈతమట్టల నీడలు, కింద రబ్బరు పాడే సన్నటి పాట. కాలేషా ఆ కాసేపు సుఖంగా ఉన్నాడు. ఖాళీ బండిలో ఎవడైనా సుఖంగానే ఉంటాడు.

తోట గేటు దగ్గర మస్తాన్ వలీ ఎదురొచ్చాడు.

"ఏమిరా అల్లుడా, పికప్పుకి పెళ్ళి కుదిరిందా?"

"ఎట్లుండాయి మామా?"

"పెళ్ళికొడుకు బూట్లు మాదిరి ఉండాయి. పొలంలోకి బూట్లేసుకొని పోతావా?"

"నీకేం తెలుసులే. విను." కాలేషా సీటు కిందనుంచి ఇనప చువ్వ తీసి టైరు మీద కొట్టాడు. ఖంగుమంది. "ఇన్యావా? ఎట్ల మోగుతాందో."

"మోగుతాంది లేరా, గుళ్ళో గంట మాదిరి. పాతవి యాడ?"

"ఇచ్చేసినా."

"అవి నీయబ్బ సొత్తా? అబూ సాలెహ్‌వి గదరా!"

"ఆయనకేం నష్టం? మంచివి వచ్చినాయి గదా."

ఈ మస్తాన్ వలీని చూసి ఎవరూ తెలివైనవాడనుకోనక్కర్లేదు. ఎదురుగా వెక్కిరించాడా, సాయంత్రం పక్క తోట బంగ్లాదేశ్‌వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "హమారా దామాద్ కా గాడీ దేఖా?" అని, మా అల్లుడి బండి చూశారా అని, ఊరేగాడు. పోయిన ఏడు ఆ బంగ్లాదేశ్‌వాళ్ళు తమ తోటలో బొప్పాయి కాయించి గొప్పలు పోయారని మస్తాన్ వలీకి కడుపుమంట ఉండేది, అది తీరింది. అబూ సాలెహ్ కూడా వచ్చి చూశాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. గడ్డం నిమురుకున్నాడు. "పండు రానీ," అన్నాడు, వెళ్ళిపోయాడు. అదే మెచ్చుకోలనుకున్నాడు కాలేషా. పొగడ్త వినాలనుకున్నవాడికి దగ్గు కూడా పొగడ్తలాగే వినపడుతుంది.

పండు వచ్చింది. మొదటి కోత. మస్తాన్ వలీ నడుముకి తాడు కట్టుకుని చెట్టెక్కి, ఒక్కో గెలను భుజం మీద దించుకుని కిందికి పంపాడు. పండిన సుక్కరీ లేత బంగారం రంగులో, ఎండకు ఎత్తి పట్టుకుంటే లోపలి గింజ నీడ కనిపించేంత పలచగా ఉంది. డబ్బాల్లో ఒక్కో పండునీ వేళ్ళ చివరలతో పేర్చారు. తెల్లవారుజామున లోడు ఎత్తారు. మస్తాన్ వలీ పక్కసీట్లో కూర్చున్నాడు. కాలేషా చువ్వతో నాలుగు టైర్లూ కొట్టి, నాలుగుసార్లు ఖంగుమన్నాక బిస్మిల్లా అని తాళం తిప్పాడు.

తోటనుంచి తారురోడ్డుదాకా ఇసుక బాట. ఆ బాట మీద గాలి, ట్రాక్టర్లు కలిసి అడ్డంగా గట్లు లేపుతాయి, బక్కచిక్కిన గొడ్డు పక్కటెముకల్లాగా. మెత్తటి టైరైతే గట్టును మింగేస్తుంది. పొట్టి గోడ, రాయిలాంటి గాలి ఉన్న టైరు ఏదీ మింగదు. ప్రతి గట్టునూ ఉన్నదున్నట్టుగా పైకి పంపింది. టక టక టక. డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. బరువుకి వెనకభాగం దిగి, పెద్ద చక్రం బాడీ రేకుకి రాసుకుని, కాలిన రబ్బరు వాసన లోపలికొచ్చింది.

"నిదానంరా! లోపల పండు చస్తాంది."

"నిదానంగానే పోతాండా మామా. బాటదే తప్పు."

బాటకి ఆ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

గాలి కుప్ప పోసిన మెత్తటి ఇసుక దగ్గర బండి ఆగిపోయింది. వెనక చక్రాలు తిరిగాయి, తిరిగినకొద్దీ దిగాయి. గట్టి టైరు ఇసుక మీద నడవదు, ఇసుకను తవ్వుతుంది. వెనకొచ్చిన పక్క తోట పికప్పు, టైర్లు చప్పిడిగా పరుచుకుని, వీళ్ళ పక్కనుంచి తేలిపోయింది. దాని డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఆ చక్రాలనే చూశాడు. అంత కష్టంలోనూ కాలేషా అది గమనించాడు.

"గాలి తియ్యరా," అన్నాడు మస్తాన్ వలీ దిగి.

"తియ్యకూడదు."

"ఎందుకు తియ్యకూడదు?"

"ఈ టైరుకి గోడే లేదు మామా. గాలి తీస్తే రిమ్ము కిందికి తగులుతాది."

"తగిలితే?"

"గీత పడతాది."

లోడు నిండా పండు. పండు వెనక ఆరు నెలల పని. ఆ పని చివర కాలేషా సీటు. అంతా ఒక పక్కన, ఇంకో పక్కన ఒక గీత. కాలేషా అప్పటికే ఈతమట్టలు విరుచుకొస్తున్నాడు, చక్రాల కింద వెయ్యడానికి. మట్టకి ముళ్ళుంటాయి కదా. కూర్చుని ముళ్ళు ఒక్కొక్కటీ తీసేశాడు. అదీ చాలక తలగుడ్డ విప్పి, మట్టకీ రిమ్ముకీ మధ్య దోపాడు. తూర్పున ఆకాశం లేత గులాబీ నుంచి తెలుపుకి తిరుగుతోంది. మైళ్ళ అవతల సంతలో అప్పటికే పాట మొదలైంది. ఇక్కడ ఒక మనిషి చక్రానికి తలగుడ్డ చుడుతున్నాడు.

ఆ తరవాత యాక్సిలరేటరు మీద నిలబడ్డాడు. బండి ఏడ్చింది, అరిచింది, ఒక్క దూకుతో బయటపడింది. ఆ దూకుకి డబ్బాలన్నీ గాల్లోకి లేచి దిగిన చప్పుడు ఇద్దరూ విన్నారు. మెత్తటి చప్పుడు. ఎవరో తడిబట్టలు నేలకేసి కొట్టినట్టు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

సంతలో వరస నిండిపోయింది. బండిని చిట్టచివర, గోడ పక్కన పెట్టాల్సి వచ్చింది. దళారీ నడుచుకుంటూ రావడానికే చాలాసేపు పట్టింది. వెనకతలుపు దించగానే తేనె సన్నటి తీగలా జారి నేలను తాకింది. ఈగలు ముందే తెలిసినట్టు వచ్చాయి. దళారీ ఒక డబ్బా మూత తీశాడు, ఇంకోటి తీశాడు, మూడోది తియ్యలేదు. వేలు ముంచి నాకి, తలెత్తి, సంతంతా వినేలా అడిగాడు:

"దిబ్స్ తెచ్చావా తమ్ముడూ? మరి సీసాలేవి?"

దిబ్స్ అంటే ఖర్జూరపు పాకం. సంతంతా గొల్లుమంది. మస్తాన్ వలీ కూడా నవ్వాడు, తన చేత్తో కోసిన పండు చూస్తూ. తరవాత ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అబూ సాలెహ్ వచ్చాడు. ఎప్పుడూ వరస మొదట్లో నిలబడే మనిషి, ఆ రోజు సంత పొడుగునా నడిచి చివరికి రావాల్సి వచ్చింది. పండు వైపు ఒకసారి చూశాడు, చాలు. వంగి రిమ్ము తాకాడు. దాని మీద ఒక్క గీత లేదు.

"నా పాత చక్రాలు రేపు పొద్దుటికి నా బండికి ఉండాలి," అన్నాడు. "ఉంటే తాళం నీ దగ్గరే ఉంచుకో. కొత్తగా నేర్చుకుంటున్నావు, పోనీ. లేకపోతే గొట్టం ఎక్కడుందో నీకు తెలుసు."

ఇంతకంటే మెత్తటి శిక్ష ఎడారిలో ఎవరూ వెయ్యరు. మధ్యాహ్నానికి కాలేషా బురైదాలో ఉన్నాడు. పాత చక్రాలు నబీ రసూల్ కొట్టు మూలన అలాగే పడి ఉన్నాయి, వాటి మీద ఎవరో టిఫిను డబ్బా పెట్టారు.

"దాందేముంది భాయ్, మార్చేద్దాం. ఇవి విప్పి నాకిచ్చెయ్, అవి బిగిస్తా. నువ్విచ్చింది మాత్రం వెనక్కి అడగొద్దు, మనలో మనకి మాట పోతాది."

"ఇవీ నేనే ఉంచుకుంటే?"

"అప్పుడు పాతవాటికి వేరే లెక్క. దుడ్డు ఉండాదా?"

లేదు. కాలేషా చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. నబీ రసూల్ జాకీ తెచ్చి పక్కన పెట్టి, నిలబడి, చాయ్ తాగి, చెవి గోక్కుని, "ఏమబ్బా, నమాజు చేస్తాండావా?" అన్నాడు. కాలేషా ఆ వంకర అద్దంలో తన వంకర ముఖం చూస్తూ ఉండిపోయాడు. తరవాత లేచి, బండెక్కి, అవే చక్రాల మీద ఉనైజా వెళ్ళిపోయాడు. మలుపుల్లో వేగం తగ్గించలేదు.

మర్నాడు పొద్దున పికప్పు తోట గేటు లోపల ఇటుకల మీద నిలబడి ఉంది, చక్రాలు లేకుండా. తాళం అబూ సాలెహ్ చెప్పుల పక్కన ఉంది. కాలేషా గొట్టం పట్టుకుని చెట్ల మధ్య ఉన్నాడు.

"పిచ్చి పట్టిందేమిరా నీకు?" అన్నాడు మస్తాన్ వలీ. "సీటు పోగొట్టుకుంటాడారా ఎవడైనా, చక్రాల కోసం?"

"సీటు ఆయనది మామా. బండి ఆయనది. నా పాస్‌పోర్టు కూడా ఆయన బీరువాలోనే ఉండాది." గొట్టం పక్క చెట్టుకి లాగాడు. "ఆ నాలుగూ నావి."

మస్తాన్ వలీ ఆ మాటకి కరిగిపోయి, ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. విన్నవాళ్ళలో కొందరు తలలూపారు. తొందరపడి తలూపకండి. ఏడేళ్ళ బురదలోంచి బయటపడే దారి, టైరులో సగం గాలి వదిలితే దొరికేది. ఆ గాలి వదలడానికి మనసొప్పలేదు. తరవాత దానికి ఒక అందమైన మాట తొడిగాడు, అంతే.

అబూ సాలెహ్ తనే బురైదా వెళ్ళాడు. సౌదీ యజమాని గుమ్మంలో నిలబడేసరికి నబీ రసూల్ ఉరికొచ్చి, పాత చక్రాలు దులిపి, ఉత్తపుణ్యానికి ఇచ్చి, పైగా ఖహ్వా, అరబ్బుల కాఫీ, పోశాడు. కొత్త డ్రైవరు వచ్చాడు, యెమెన్ మనిషి. లోడు ఎత్తగానే టైర్లలో గాలి వదులుతాడు. బండి మళ్ళీ పాట గుర్తుచేసుకుంటూ పోతోంది.

ఆ నాలుగు చక్రాలూ ఇప్పుడు కాలేషా గదిలో గోడకి ఆనించి ఉన్నాయి, దుప్పటి కప్పుకుని. ఒకసారి మస్తాన్ వలీ వేడి అన్నం గిన్నె తెచ్చి ఒకదాని మీద పెట్టాడు.

"తియ్ మామా తియ్! మరక పడతాది!"

"చక్రంరా అది, నీ పెళ్ళాం కాదు."

అయినా గిన్నె తీశాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక కాలేషా దుప్పటి తొలగిస్తాడు. తడిగుడ్డ, పొడిగుడ్డ, దూది. ఆ తరవాత మంచం కిందనుంచి ఇనప చువ్వ తీసి నాలుగు టైర్లనూ వరసగా కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వింటాడు. ఖంగుమంటాయి. మోయడానికి ఏమీ లేదు కదా, గాలి ఎక్కడికీ పోలేదు.